షెడ్డు ప్లానులో అంగుళం ఎన్ని అడుగులు?
స్కేలు పటాలు, నమూనాలు, స్కేలు గుణకం: పట్టు రైతులకు ఒక లెక్కల పాఠం



ఈ కరపత్రంలో మందుల సంగతి, ఆకు సంగతి తక్కువ. లెక్క ఎక్కువ. బడి పిల్లల పుస్తకంలో ఉండే లెక్కే ఇది. అయితే దీన్ని తప్పు చదివితే పోయేది మార్కులు కాదు, రాయీ సిమెంటూ కూలీ డబ్బులూ. అందుకే పెద్దలు కూడా ఒకసారి చదవండి. ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

రూపనగుడి చుట్టుపక్కల ఒక ఊళ్లో కొన్నేళ్ల కిందట జరిగిన సంగతితో మొదలు పెడతాను. ఒక రైతు 200 గుడ్లు మేపుకునేందుకు షెడ్డు తలపెట్టారు. ప్లాను ప్రకారం షెడ్డు లోపలి కొలత 40 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. ప్లాను మూలలో "1 అంగుళం = 4 అడుగులు" అని రాసి ఉంది. అంటే కాగితం మీద షెడ్డు పొడవు 10 అంగుళాలు, వెడల్పు 5 అంగుళాలు. నేను ఆయన చేతికిచ్చింది ఆ పెద్ద కాగితం కాదు, దాని జిరాక్సు. పెద్ద బొమ్మ చిన్న కాగితంలో పట్టేందుకు అంగడిలో దాన్ని 70 శాతానికి కుదించారు. గోడల పక్కన రాసిన అంకెలు ఆ కాపీలో అలికినట్టు అయిపోయాయి. నేను చూసుకోలేదు.

బేల్దారి మేస్త్రి మంచి పనివాడే. అంకెలు కనబడక స్కేలుబద్ద పెట్టి బొమ్మను కొలిచాడు. పొడవు 7 అంగుళాలు, వెడల్పు మూడున్నర అంగుళాలు వచ్చింది. మూలలోని రాత మాత్రం చక్కగా కనబడుతోంది: అంగుళానికి 4 అడుగులు. 28 అడుగులు, 14 అడుగులు అని లెక్క కట్టి ముగ్గు పోశాడు. నేను వెళ్లేసరికి పునాది రాయి నేలమట్టం దాటింది.

"ఏం సార్, మీరు చెప్పినప్పుడు పెద్ద షెడ్డు అనిపించింది. ఇది చూస్తే ఎద్దుల కొట్టం మాదిరి ఉందే" అన్నారు ఆ రైతు.

టేపు పట్టాం. జిరాక్సు సంగతి బయటపడింది. "ముప్పై పైసలే కదప్పా తగ్గింది, సర్దుకుందాం లే" అన్నాడు మేస్త్రి.

ముప్పై పైసలు తగ్గింది పొడవూ వెడల్పూ. షెడ్డు తగ్గింది సగానికి పైగా. 40ని 20తో గుణిస్తే 800 చదరపు అడుగులు. 28ని 14తో గుణిస్తే 392. రూపాయిలో 49 పైసలే మిగిలింది.

అసలు నష్టం అంతకన్నా ఎక్కువ. 20 అడుగుల వెడల్పులో 5 అడుగుల స్టాండ్లు రెండు వరుసలు పడతాయి. గోడల పక్కన మూడేసి అడుగులు, నడుమ 4 అడుగులు నడవా: 3, 5, 4, 5, 3, మొత్తం 20. పొడవులో రెండు కొసలా మూడేసి అడుగులు వదిలితే స్టాండు 34 అడుగులు వస్తుంది. నాలుగు అరలు కడితే, రెండు వరుసలకూ కలిపి పురుగులకు దొరికే పడక 1,360 చదరపు అడుగులు. ఇప్పుడు 14 అడుగుల వెడల్పు చూడండి. రెండు వరుసలు పెడితే స్టాండ్లకే 10 అడుగులు పోతుంది. మిగిలిన 4 అడుగులను మూడు నడవాలుగా పంచితే ఒక్కోటి 16 అంగుళాలు. రెమ్మల మోపు ఎత్తుకున్న మనిషి అందులో ఎలా తిరుగుతాడు? కాబట్టి ఒక్క వరుసే గతి. ఆ వరుస 22 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, నాలుగు అరలు: 440 చదరపు అడుగులు. 1,360కి ఇది మూడో వంతు కూడా కాదు. షెడ్డు కుదించుకుపోవచ్చు గాని మనిషి భుజాలు స్కేలుకు కుదించుకుపోవు కదా.

అంత పడకలో అదే పలచదనంతో మేపితే 65 గుడ్లకు మించి పట్టవు. ఆయన కొనాలనుకున్నవి 200. సర్దుకుందాం అంటే పురుగు మీద పురుగు వేయాలి. ఐదో దశలో గాలి ఆడక, తడి ఆరక, రోగం పాకితే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. రెండు గోడల పునాది విప్పించి మళ్లీ ముగ్గు పోయించాం. రాయి తిరిగి వాడుకున్నారు. సున్నం, సిమెంటు, పది రోజుల కూలీ మాత్రం పోయాయి.

స్కేలు అంటే ఏమిటి

బొమ్మలో కొలతకూ నిజమైన వస్తువు కొలతకూ ఉండే నిష్పత్తే స్కేలు. రెండు కొలతలూ ఒకే ప్రమాణంలో ఉండాలి. 1 అంగుళం అంటే 4 అడుగులు అన్నప్పుడు, 4 అడుగులను అంగుళాలు చేస్తే 48. కాబట్టి స్కేలు 1:48. బొమ్మలో ఏ గీతనైనా 48తో గుణిస్తే నిజమైన పొడవు వస్తుంది. ఈ 48నే స్కేలు గుణకం అంటాం. నిజం నుంచి బొమ్మకు పోవాలంటే 48తో భాగించాలి.

ఇలా ఒకే గుణకంతో తగ్గించిన బొమ్మలో మూలల కోణాలు మారవు. నలుచదరం నలుచదరంగానే ఉంటుంది, వాకిలి ఉన్న చోటే ఉంటుంది. పొడవును ఒక గుణకంతో, వెడల్పును మరో గుణకంతో తగ్గిస్తే అది స్కేలు పటం కాదు, ఉత్త బొమ్మ.

మరి 70 శాతం జిరాక్సులో ఏం జరిగింది? బొమ్మ కుదించుకుపోయింది, అక్షరాల అర్థం కుదించుకుపోలేదు. ఆ కాపీ మీద అంగుళం నిజానికి 4 అడుగులు కాదు. నాలుగును 0.7తో భాగిస్తే సుమారు 5.7 అడుగులు. 7 అంగుళాలను దీనితో గుణించి చూడండి, 40 అడుగులు తిరిగి వస్తుంది.

దీనికి మందు చాలా సులువు. ప్లాను కింద ఒక గీత గీసి, దాని మీద 0, 4, 8, 12 అడుగులు అని గుర్తులు పెట్టించండి. దీన్ని గీత స్కేలు అంటారు. కాగితం ఎంత కుదించినా, ఎంత పెంచినా గీత కూడా దానితోపాటే కుదుస్తుంది, పెరుగుతుంది. మేస్త్రి ఒక పుల్లను ఆ గీతతో కొలిచి బొమ్మ మీద పెట్టుకుంటే చాలు, తప్పు రాదు. గీత లేని ప్లాను చేతికి వస్తే, మీకు తెలిసిన ఒక వస్తువును అందులో వెతకండి. తలుపు 4 అడుగులు అని మీకు తెలుసనుకోండి. అంగుళానికి 4 అడుగులు అని రాసిన కాగితంలో తలుపు సరిగ్గా ఒక అంగుళం రావాలి. ముప్పావు అంగుళం కూడా రాలేదంటే ఆ కాగితం అసలుది కాదు.

ఇంకొక్క మాట. గోడ పక్కన అంకె రాసి ఉంటే ఆ అంకెనే నమ్మాలి. బద్ద పెట్టి కొలిచింది నమ్మకూడదు. కాగితం చెమ్మకు సాగుతుంది, మడతల్లో నలుగుతుంది. ఇప్పుడు ప్లాన్లు ఫోనులో కూడా వస్తున్నాయి. అంగడిలో అచ్చు తీసేటప్పుడు యంత్రం కాగితానికి సరిపోయేలా బొమ్మను తనంతట తానే సర్దేస్తుంది, ఎంతకు కుదించిందో ఎక్కడా చెప్పదు. పాత జిరాక్సు కన్నా ఇది ఎక్కువ మోసం.

గ్రామ నక్ష, మల్బరీ నారు

పొడవుకు ఒక గుణకం ఉంటే, వైశాల్యానికి ఆ గుణకాన్ని దానితోనే గుణించాలి. గుణకం 2 అయితే వైశాల్యం 4 రెట్లు. 3 అయితే 9 రెట్లు. ఈ ఒక్క సంగతి మరిచిపోవడం వల్ల జరిగే తప్పు మన సరిహద్దు ఊళ్లలో గ్రామ నక్షల దగ్గర ఎక్కువగా ఎదురవుతుంది.

బళ్లారి 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండి, ఆ రోజున మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. అందుకే మన ఇళ్లలో రెండు రకాల కాగితాలు ఉంటాయి. పాతవి సెంట్లలో, తర్వాతివి గుంటలలో. ఎకరాకు 100 సెంట్లు, 40 గుంటలు. కాబట్టి గుంట అంటే రెండున్నర సెంట్లు. గుంట అన్నది 33 అడుగుల గొలుసు పొడవూ, అదే గొలుసు వెడల్పూ ఉన్న నేల. ఈ గొలుసు ఇక్కడ కొత్తది కాదు. 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో దత్త మండలాల కలెక్టరుగా ఉన్నప్పుడు ఆయన సర్వేదారులు పొలాలు కొలిచింది 33 అడుగుల గొలుసుతోనే.

నక్షల స్కేళ్లు కూడా ఒకటి కాదు. మద్రాసు కాలపు గ్రామ నక్షలు సాధారణంగా మైలుకు 16 అంగుళాల లెక్కన గీసినవి. మైలుకు 8 అంగుళాల లెక్కన గీసిన నక్షలూ ఉన్నాయి. మైలుకు 5,280 అడుగులు. మొదటి రకంలో అంగుళం 330 అడుగులు, అంటే 10 గొలుసులు. రెండో రకంలో అంగుళం 660 అడుగులు, అంటే 20 గొలుసులు. పొడవులో తేడా రెండింతలే. ఇప్పుడు ఒక చదరపు అంగుళం తీసుకోండి. మొదటి నక్షలో అది 10ని 10తో గుణించగా 100 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. రెండో నక్షలో 20ని 20తో గుణించగా 400 గుంటలు, అంటే 10 ఎకరాలు. నాలుగింతలు!

ఒక రైతు మల్బరీ పెట్టదలచిన చేను నక్షలో 0.6 అంగుళం పొడవు, 0.5 అంగుళం వెడల్పు ఉందనుకుందాం. అది 0.3 చదరపు అంగుళం. నక్ష మైలుకు 16 అంగుళాలదైతే చేను 30 గుంటలు. 8 అంగుళాలదని పొరబడితే 3 ఎకరాలు అవుతుంది. జోడు సాళ్ల పద్ధతిలో, సాళ్ల మధ్య 5 అడుగులు, 3 అడుగులు మార్చి మార్చి వదిలి, సాలులో మొక్కకూ మొక్కకూ 2 అడుగులు పెడితే ఒక మొక్కకు సగటున 8 చదరపు అడుగులు పడుతుంది. ఎకరా 43,560 చదరపు అడుగులు కాబట్టి 5,445 మొక్కలు. 30 గుంటలకు కావాల్సినవి సుమారు 4,084. పొరబడినాయన తెప్పించేవి 16,335. మిగిలిన పన్నెండు వేల మొక్కలను ఎండలో పెట్టుకుని ఏం చేయాలి? ఇల్లిల్లూ తిరిగి పంచాలి, లేదా మేకలకు వేయాలి.

చేను నలుచదరంగా లేకపోతే నక్ష మీద పలచని కాగితం పరచి, అంగుళంలో పదో వంతు గళ్లు గీసి, చేనులో పడిన గళ్లు లెక్కపెట్టండి. 16 అంగుళాల నక్షలో ఒక్కో గడి సరిగ్గా ఒక గుంట. ఇంత సులువైన లెక్క మరొకటి లేదు. అయితే ఇది మన అంచనాకు మాత్రమే. గట్టు తగాదా వస్తే సర్వేయరు కొలతే కొలత.

అడుగులు, మీటర్లు

ఇదీ స్కేలు గుణకం తప్పే. మీటరుకు సుమారు 3.28 అడుగులు. షెడ్డు కడిగి రోగక్రిమి నాశని చల్లేటప్పుడు మోతాదు చదరపు మీటరుకు ఇంత అని చెబుతారు. మన షెడ్డు 800 చదరపు అడుగులు. కొందరు 800ను 3.28తో భాగించి 244 అంటారు. అది తప్పు. 3.28ని 3.28తో గుణిస్తే వచ్చే 10.76తో భాగించాలి. నేల సుమారు 74 చదరపు మీటర్లే. చదరపు మీటరుకు 2 లీటర్ల ద్రావణం అనుకుంటే 150 లీటర్లు చాలు. తప్పు లెక్కలో 488 లీటర్లు అవుతుంది. మందు డబ్బు మూడింతలకు పైగా పోతుంది. తిరగేసి తప్పు చేసి తక్కువ చల్లితే ఇంకా ప్రమాదం, గోడ మీది రోగం గోడ మీదే ఉంటుంది.

అట్ట నమూనా

కాగితం మీది ప్లాను అర్థం కాని వారికి అట్టతో నమూనా చేసి చూపండి. 1:20 స్కేలులో మన 40 అడుగుల షెడ్డు 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు అవుతుంది. కిటికీలు కత్తిరించి, చూరు బయటికి ఎంత రావాలో అంత అతికించండి. దాన్ని షెడ్డు కట్టబోయే చోటే, కట్టబోయే దిక్కుకే పెట్టి, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఎండ ఎక్కడ పడుతోందో చూడండి. అట్ట షెడ్డులో ఎండ పడిన చోటే నిజమైన షెడ్డులోనూ పడుతుంది. ఎందుకంటే స్కేలులో కోణాలు మారవు, సూర్యుడి కోణం రెంటికీ ఒకటే. బళ్లారి సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఉత్తరం కిటికీకి చూరు అక్కరలేదనుకునే వారికి ఈ నమూనా కళ్లు తెరిపిస్తుంది.

అయితే నమూనా బలం చూసి దూలం బలం అంచనా వేయకండి. అన్ని కొలతలూ 20వ వంతుకు తగ్గిస్తే దూలం కోత ముఖం 400వ వంతు అవుతుంది, బరువు మాత్రం 8,000వ వంతు అవుతుంది. అందుకే చిన్న నమూనా తన సైజుకు 20 రెట్లు గట్టిగా కనబడుతుంది. ఈ సంగతిని గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలోనే వివరించాడు.

పురుగే ఒక లెక్క

గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పురుగు సుమారు 3 మిల్లీమీటర్లు. ఇరవై అయిదు రోజుల్లో పండే నాటికి సుమారు 7.5 సెంటీమీటర్లు. పొడవు గుణకం 25. బరువు ఎన్ని రెట్లు పెరుగుతుంది? 25 రెట్లు అనుకునే వారే ఎక్కువ. బరువు ఘనపరిమాణాన్ని బట్టి పోతుంది కాబట్టి 25ను మూడుసార్లు వేసి గుణించాలి: 15,625. పురుగు అచ్చంగా అదే ఆకారంలో పెరగదు కాబట్టి నిజానికి వచ్చేది సుమారు 10,000 రెట్లు. చాకీలో గుప్పెడు ఆకు చాలిన పురుగులు ఐదో దశలో తోట తోటనే ఊడ్చేయడంలో వింత లేదు. పొడవు చూసి ఆకు లెక్క వేసిన వారికి చివరి నాలుగు రోజులు ఆకు చాలక పరుగులు తప్పవు.

మన గోడ పటాల మీద గుడ్డు, పురుగు, గూడు, సీతాకోక అన్నీ ఒకే సైజులో వేస్తారు. అది స్కేలు పటం కాదని పిల్లలకు చెప్పండి. గుడ్డు నిజంగా మిల్లీమీటరు పైచిలుకే.

స్కేలు ఎప్పుడూ తగ్గించడానికే కాదు, పెంచడానికీ ఉంది. పెబ్రిన్ రోగం ఉందో లేదో తల్లి సీతాకోకను నూరి సూక్ష్మదర్శినిలో 600 రెట్లు పెంచి చూస్తారు. ఆ రోగపు బీజం సుమారు 4 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో 250వ వంతు. 600తో గుణిస్తే 2.4 మిల్లీమీటర్లు, నువ్వుగింజ కన్నా కాస్త చిన్నది. తల్లిని పరీక్షించి మంచి గుడ్లు వేరు చేసే ఈ పద్ధతిని ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ 1865 తర్వాతి సంవత్సరాల్లో రూపొందించాడు. మీ చేతికి వచ్చే రోగరహిత గుడ్ల అట్ట వెనుక ఉన్న గుణకం ఇదే.

ఇంటి దగ్గర చేసి చూడండి

ఒక చాకీ గది ప్లాను స్కేలు 1:50. బొమ్మలో గది 12 సెంటీమీటర్లు, 6 సెంటీమీటర్లు. గది నేల ఎన్ని చదరపు మీటర్లు? అదే బొమ్మను జిరాక్సులో 141 శాతానికి పెంచి, స్కేలు 1:50 అనే నమ్మి కొలిస్తే నేల ఎంత వస్తుంది?

జవాబు: గది 6 మీటర్లు, 3 మీటర్లు, నేల 18 చదరపు మీటర్లు. పెంచిన కాపీలో కొలిస్తే సుమారు 36 వస్తుంది, ఎందుకంటే 1.41ని 1.41తో గుణిస్తే దాదాపు 2. ఆ కాపీ అసలు స్కేలు సుమారు 1:35.